మొర్రితో పుట్టిన మన పిల్లల మాట: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు గ్రహణం మొర్రితో, అంటే పెదవో అంగిలో చీలి పుట్టిన మన తెలుగు పిల్లలకే ఇస్తున్నాను.

మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి, ఏడాది అటూ ఇటూగా అంగిలికి ఆపరేషన్ చేస్తారు. స్మైల్ ట్రైన్ అనే స్వచ్ఛంద సంస్థ సాయం అందే ఆస్పత్రుల్లో దీనికి డబ్బు తీసుకోరు. 2013లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలోనూ మొర్రి ఉంది. చిక్కల్లా ఆ తర్వాతే. ముఖం బాగుపడగానే పని అయిపోయిందనుకుంటున్నాం. మాట సంగతి బడిలో వేసేదాకా పట్టించుకోవడం లేదు.

ఇంట్లో వాళ్లకు అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. పిల్లాడు ‘అమ్మా’, ‘నాన్నా’, ‘మామా’ అని చక్కగా పిలుస్తాడు. మ, న పలికేటప్పుడు గాలి ఎలాగూ ముక్కులోంచే పోతుంది కాబట్టి అంగిలి సరిగా మూసుకోకపోయినా అవి వచ్చేస్తాయి. ప, బ, త, ద, క, స అలా కాదు. వాటికి గాలి నోట్లోనే ఒత్తిడిగా నిలవాలి. అంగిలి వెనక భాగం లేచి ముక్కుదారిని మూయకపోతే ‘బాబు’ కాస్తా ‘మాము’ అవుతుంది, ‘తాత’ గొంతులోనే తెగిపోయి ‘ఆఆ’ అని వినిపిస్తుంది.

మన సమావేశానికి వచ్చిన స్పీచ్ థెరపిస్టు ఒక చిన్నదాని ముక్కు కింద అద్దం పెట్టి ‘పాప’ అనమన్నారు. అద్దానికి ఆవిరి పట్టింది, అంటే గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. వాళ్ల నాయనమ్మ అద్దం తీసుకుని తను అని చూసుకుంది, పట్టలేదు. మళ్లీ మనవరాలి చేత అనిపించింది. అప్పటిదాకా వసకొమ్ము అరగదీసి నాకిస్తే చాలనుకున్న మనిషి, పిల్లను మళ్లీ డాక్టరుకు చూపించడానికి అక్కడే ఒప్పుకుంది. బూరలు ఊదించడం వల్ల కూడా మాట తేటపడదని థెరపిస్టు విడమరిచి చెప్పారు. గొంతులో తెగ్గొట్టే అలవాటు ఆపరేషన్‌తో పోదు, దాన్ని థెరపీతోనే మాన్పించాలి. ఈ పిల్లల్లో చెవిపొర వెనక నీరు చేరడం చాలా ఎక్కువ కనుక వినికిడి పరీక్ష తప్పనిసరి.

కన్నతల్లికి అర్థమైతే సరిపోదు, ఆమె చెవి ఆ పలుకుకు అలవాటు పడిపోయి ఉంటుంది. అందుకే మన కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి ఏడు ప్రశ్నలు అడిగారు: మీకు, ఇంట్లో వాళ్లకు, బంధువులకు, తోటి పిల్లలకు, తెలిసినవాళ్లకు, టీచరుకు, కొత్తవాళ్లకు వీడి మాట ఎంతవరకు అర్థమవుతుంది? ‘ఎప్పుడూ’ నుంచి ‘అసలు కాదు’ దాకా ఒకటి చెప్పాలి. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన పద్ధతి ఇది. మామూలుగా నాలుగేళ్లు దాటిన పిల్లల మాట కొత్తవాళ్లకూ చాలావరకు అర్థం కావాలి. చాలా ఇళ్లలో మొదటి రెండు ప్రశ్నలకు టక్కున జవాబు వచ్చింది, చివరి రెండింటి దగ్గర ఆలోచనలో పడ్డారు.

ఇక్కడ మనకు మరో టెన్షన్ ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పిల్లాడి మాట అర్థం కాకపోతే టీచర్లు ‘వీడికి ఒడియా రాదులే’ అని వదిలేస్తారు. ప, త, క రెండు భాషల్లోనూ ఉన్నవే. ఆ అక్షరాలు తెలుగులోనూ తప్పుతున్నాయంటే లోపం ఒడియా రాకపోవడంలో లేదు. ఆ ముక్క టీచర్లకు చెప్పడానికి ఒడియాలో ఒక కరపత్రం సిద్ధం చేస్తున్నాం. ఒడియా బాగా రాయగల సభ్యులు, గుణుపురం వైపు అంగన్‌వాడీలకు వెళ్లగలవాళ్లు సర్వసభ్య సమావేశం రోజునే కార్యదర్శి దగ్గర పేర్లు రాయించండి.