ఇన్వర్టరు ఏసీ కరెంటు పోతే ఎందుకు ఆగుతుంది?

సంపాదకుడు గారికి,

పలాస–కాశీబుగ్గలో పాతికేళ్లుగా ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నాను. ఎండాకాలం వచ్చిందంటే ఒక ఫోను మాత్రం తప్పదు. ఈసారి జీడిపప్పు వ్యాపారం చేసే ఒక పెద్దాయన రాత్రి పదకొండున్నరకి చేశారు. "బావూ, ఇది ఇన్వర్టరు ఏసీ అన్నారు కదేటి, మరి కరెంటు పోతే ఎందుకు ఆగిపోనాది?"

ఆయన తప్పేమీ లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కరెంటు స్తంభాలు, కొబ్బరి చెట్లు, జీడితోటలు అన్నీ ఒక్కటిగా నేల మీద పడ్డాయి. రోజుల తరబడి చీకటి. ఆ దెబ్బకి బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టించుకున్న ఇళ్లకు నేనే చాలా వాటికి వైరింగు చేశాను. అందుకే మా దగ్గర ఇన్వర్టరు అనే మాటకి ఒకటే అర్థం: కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిప్పే పెట్టె.

పోనీ కంపెనీ అబద్ధమాడిందా అంటే అదీ కాదు. మామూలు ఏసీలో కంప్రెసరు తిరిగితే పూర్తి వేగంతో తిరుగుతుంది, గది చల్లబడితే పూర్తిగా ఆగుతుంది. ఇన్వర్టరు ఏసీలో లైన్లో వచ్చే కరెంటును ముందు డీసీ (ఒకే దిక్కుకి పారే కరెంటు) చేసి, మళ్లీ కావలసిన ఫ్రీక్వెన్సీలో ఏసీగా మార్చి, కంప్రెసరు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. (ఈ ఏసీ అంటే దిక్కు మార్చుకుంటూ పారే కరెంటు, గోడకున్న ఏసీ వేరు. చెప్పే నాకే తికమక.) అలా మార్చే భాగం పేరే ఇన్వర్టరు. బిల్లు తగ్గుతుంది, నిజమే. కానీ లోపల బ్యాటరీ ఉండదు. ఇంట్లో ఉన్న ఇన్వర్టరుకి తగిలిద్దామన్నా కుదరదు. టన్నున్నర ఏసీ పూర్తి జోరులో పదిహేను వందల వాట్ల దాకా లాగుతుంది, మన ఇళ్లలో పెట్టుకునేవి వెయ్యి వీఏ (ఇన్వర్టరు మోయగల బరువుకి కొలత, వాట్ల లాంటిదే) అటూ ఇటూ. ఇంత పురాణం షాపులో కుర్రాడు చెప్పక్కర్లేదు. "కరెంటు పోతే ఇదీ ఆగిపోద్దండీ" అంటే చాలు. అననివ్వరు, అది వేరే సంగతి.

కష్టమైన మాటలన్నిటి మీదా నాకు కోపం లేదు. టన్నున్నర అంటే ఆ పెట్టె బరువా అని అడిగేవాళ్లున్నారు. కాదు, ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడిని గదిలోంచి లాగేసే శక్తిని ఒక టన్ను అంటారు, దగ్గర దగ్గర మూడున్నర కిలోవాట్లు. ఏసీ మీద అంటించిన స్టార్ల లేబులూ అంతే, ఏడాదికి 1600 గంటలు నడిపితే ఎన్ని యూనిట్లు కాలుతుందో దాని మీదే ఉంటుంది. ఇలాంటి మాటకి ఒక కొలత ఉంది, తెలియకపోతే తెలిసినవాణ్ణి అడగొచ్చు. "ఏఐ ఫ్యాను" అంటే ఏమిటో ఎవర్ని అడగాలి? బట్టల బరువు చూసుకుని నీళ్లు పట్టుకునే వాషింగ్ మెషీన్లు ఎప్పుడో వచ్చాయి. అప్పుడు వాటిని ఫజ్జీ లాజిక్ అని అమ్మారు. ఇప్పుడు దాదాపు ఆ పనికే ఏఐ అని స్టిక్కరు, రేటు మీద ఇంకో నాలుగు వేలు.

ఫోన్ల సంగతీ చూడండి. మా అబ్బాయి బతిమాలి కొనిపించుకున్న ఫోను డబ్బా మీద 16 జీబీ ర్యామ్ అని ఉంది. అసలు ర్యామ్, అంటే ఫోను పని చేస్తున్నప్పుడు వాడుకునే మెమరీ, ఎనిమిదే. మిగతా ఎనిమిదీ ఫోటోలు, వీడియోలు దాచుకునే చోటు నుంచి తీసుకున్న అప్పు, వేగంలో దీనికీ దానికీ పోలికే లేదు. వంటగట్టు చాలడం లేదని సామాన్ల గది తలుపు తీసి ఇదీ గట్టే అన్నట్టుంది. ఇక "అన్‌లిమిటెడ్" నెట్ రోజుకు రెండు జీబీ దాటగానే 64 కేబీపీఎస్‌కి, అంటే నత్తనడకకి పడిపోతుంది. రీచార్జి నెలేమో 28 రోజులు, అంటే ఏడాదికి పదమూడు నెలలు. 30 రోజుల ప్లాను ఒకటైనా ఉంచండని 2022లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాల్సి వచ్చింది.

ఇందులో మీ వాటా కూడా ఉంది, ఏమీ అనుకోకండి. దసరాకీ సంక్రాంతికీ పత్రిక మొదటి పేజీ నిండా ప్రకటనలే. పైన తెలుగులో అరచేయంత అక్షరాలు, పక్కన ఒక చుక్క (*) గుర్తు. ఆ చుక్కకి అర్థం పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే, అదే రకం అక్షరాల్లో, కనబడేలా ఉండాలని అందులో ఉంది. ప్రకటన తీసుకునేటప్పుడు మీ వాళ్లు ఆ చుక్క కింది ముక్కని తెలుగులో రాసిమ్మని అడిగితే, మాలాంటి వాళ్లకి అర్ధరాత్రి ఫోన్లు సగం తగ్గుతాయి. కొత్త షోరూము తెరిచిన వార్తలో కూడా కంపెనీ కాగితంలోని మాటల్నే ఎత్తి రాయకుండా, ఆ వస్తువు ఏం చేస్తుందో, ఏం చేయదో ఒక వాక్యం కలపమనండి.

ఆ పెద్దాయనకి అరగంట చెప్పాను. అంతా విని, ఫోను పెట్టేసే ముందు అడిగారు: "మరి దానికి ఇంకో పేరెట్టనేకపోనారేటి?"

నా దగ్గర జవాబు లేదు. ప్రకటన ఇవ్వడానికి వచ్చినవాళ్లని మీరైనా అడగండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
పలాస, శ్రీకాకుళం జిల్లా