కువైట్‌లో నిర్బంధంలో ఉన్న ముగ్గురి కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
విదేశీ ఉద్యోగాల రిక్రూటింగ్ కంపెనీ,
గవర్నర్‌పేట, విజయవాడ.

విషయం: ఎంబసీ అడిగిన కాగితాలు ఇవ్వకపోవడంపై ఫిర్యాదు.

అయ్యా,

మీ కంపెనీ హౌస్ డ్రైవర్లుగా కువైట్ పంపిన ముగ్గురు అక్కడ నిర్బంధంలో ఉన్నారు. కుటుంబాలు ఎప్పుడొచ్చి అడిగినా మీ కౌంటర్‌లో ఒకటే జవాబు: 'అది ప్రభుత్వాల మధ్య వ్యవహారం, ఎంబసీని అడగండి.' అడిగాం. వాళ్లు తెమ్మంటున్న కాగితాలన్నీ మీ బీరువాలో ఉన్నాయి.

విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో కుటుంబం పెట్టిన ఫిర్యాదు కువైట్‌లోని మన ఎంబసీకి చేరుతుంది. ఎంబసీ అక్కడి అధికారులకు లేఖ రాసి, మనిషిని కలవడానికి అనుమతి కోరుతుంది. ఆ లేఖలో పేరొక్కటే ఉంటే పని కాదు. అరబిక్ లిపిలో 'ప' లేదు; మన పుల్లయ్య అక్కడి రికార్డుల్లో బుల్లయ్య అవుతాడు. దానికి తోడు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. 'ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు' అని జవాబొస్తే అది అబద్ధం కూడా కాకపోవచ్చు. అసలు ఆనవాలు బత్తాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు మీదుండే 12 అంకెల సివిల్ ఐడీ నంబరు. ముగ్గురిలో ఒక్కరిదే మాకు దొరికింది, అదీ వాట్సాప్ ఫొటోలో, చివరి రెండు అంకెల మీద బొటనవేలు అడ్డంపడి.

మీరు తెప్పించినవి 20వ నంబరు వీసాలు, అంటే ఇంటి పనివాళ్లవి. పనిలో పెట్టింది హోటల్లో. దానికి 18వ నంబరు కావాలి. తనిఖీలో దొరికితే తప్పు పనివాడి నెత్తినే పడుతుంది. మీరు కుదిర్చిన పనిలోకే వెళ్లాడని చూపడానికి లాయరుకు కాంట్రాక్టు కావాలి. మీరిచ్చిన జిరాక్సులో కఫీల్ (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) పేరు, ఫోను నంబరు ఉన్న రెండో పేజీ మాత్రం లేదు. ఏం, మిషన్‌లో ఇరుక్కుందా?

వీటన్నిటికంటే పెద్ద తప్పు అక్కడున్న మీ మనిషిది. 'ఎంబసీకి చెప్పొద్దు, కేసు పెద్దదవుతుంది' అని ముగ్గురినీ ఫోన్లో భయపెట్టాడు. 1963 నాటి వియన్నా ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని దేశపు కాన్సులేట్‌కు జాప్యం లేకుండా కబురు పంపాలి. అడిగే హక్కు ఉందని అతనికి అధికారులే చెప్పాలి. అంతా ఆ 'కోరితే' దగ్గరే ఉంది. మీవాడు కోరనివ్వలేదు. కులభూషణ్ జాధవ్ కేసులో 2019 జూలై 17న అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్థాన్‌ను తప్పుపట్టింది ఈ అధికరణ కిందే. మన ప్రభుత్వం హేగ్ దాకా వెళ్లి కొట్లాడిన హక్కు అది.

'ఖైదీలను స్వదేశానికి తెచ్చే 2003 చట్టం ఉందిగా, శిక్ష పడినా ఇక్కడి జైలుకే తెచ్చుకోవచ్చు' అని మీ మేనేజరు ఇచ్చే ధైర్యం మాకక్కర్లేదు. తీర్పు ఖాయమై, అప్పీలు పెండింగులో లేకుండా, ఖైదీతో పాటు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటేనే ఆ దారి. వీళ్ల మీద పెట్టిన కేసేమిటో ఇంకా ఎవరికీ తెలియదు. ఒకరికి షుగర్ ఉంది. మందుల చీటీ ఎంబసీకి పంపుదామన్నా, ఏ కేంద్రంలో ఉన్నాడో తెలిస్తే కదా.

7 రోజుల్లో మాకు అందవలసినవి: ముగ్గురి సివిల్ ఐడీ నంబర్లు, వీసా నకళ్లు, రెండో పేజీతో సహా కాంట్రాక్టు, అరబిక్‌లో కఫీల్ పేరు, చిరునామా, ప్రవాసీ భారతీయ బీమా పాలసీ నంబర్లు. కోర్టు ఖర్చులకు ఆ బీమాలో కొంత వస్తుంది. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కోసం పాలసీ తీయించింది మీరే కనుక నంబర్లు లేవనకండి. ఎంబసీని కలవాలని అడగమని మీ మనిషితోనే ముగ్గురికీ చెప్పించండి.

గడువు దాటితే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్‌కు (విదేశాలకు వెళ్లే కార్మికుల రక్షణ చూసే అధికారికి) మీ రిజిస్ట్రేషన్ నంబరుతో ఫిర్యాదు వెళ్తుంది. మీ సేవా రుసుం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించకూడదు కదా. మీరు వసూలు చేసిన లెక్క వేరే ఉత్తరంలో రాస్తాం.

ఈసారి జిరాక్సులు వద్దు. ఒరిజినల్స్‌ని రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేసి పంపండి.

ఇట్లు,
ముగ్గురు కార్మికుల కుటుంబాల తరఫున,
గుంటూరు.