నిండుతున్న కాంప్లెక్సులో సూదికీ పూలబుట్టకూ చోటుంచండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. పేపర్లో రియల్ ఎస్టేట్ పేజీ తిప్పినప్పుడల్లా బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు షాపులకు మంచి గిరాకీ అని కనబడుతోంది. నిజమే. నేనున్నది ఆ గిరాకీ మధ్యలోనే. కుందలహళ్లి మెట్రో స్టేషనుకు నడిచి పోయేంత దూరంలో ఒక చిన్న షాపింగ్ కాంప్లెక్సు ఉంది. దాని మెట్ల కింది గదిలో ఫాల్స్, పికో, ఆల్టరేషన్ పని చేసుకుంటున్నాను. మాది మదనపల్లె. కాంప్లెక్సు కట్టించినాయనా మన వైపు పెద్దమనిషే. ఆయనలాగే ఇక్కడ స్థలాలు కొని, కట్టి, అద్దెలకిచ్చుకునే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పొద్దున కాఫీతో పాటు మీ పేపరు చదివేది వాళ్లే కాబట్టి ఈ ఉత్తరం కన్నడ పేపరుకో ఇంగ్లీషు పేపరుకో కాకుండా మీకు రాస్తున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాఫ్ట్‌వేర్ పిల్లలు ఊళ్లకు పోయాక మా చుట్టుపక్కల పీజీలు ఖాళీ అయ్యాయి. వాళ్ల వెనకే షాపులూ మూతపడ్డాయి. మెడికల్ షాపు ఒక్కటి నిలిచింది, అది ఎప్పుడూ నిలుస్తుంది. మిగతా షట్టర్ల మీద టు లెట్ బోర్డులు వేలాడి వేలాడి, వాటి మీది ఫోన్ నంబర్లు ఎండకు వెలిసిపోయాయి. ఆ రోజుల్లో ఓనరుగారు నన్ను అద్దె అడగలేదు. ఆ మేలు మరిచిపోయి రాస్తున్న ఉత్తరం కాదిది.

2023 మార్చి 25న వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పురం దాకా మెట్రో వచ్చింది. అప్పటికి పెద్ద తేడా ఏమీ కనబడలేదు. అదే ఏడాది అక్టోబరు 9న మధ్యలో మిగిలిన ముక్క కలిసి, రైలు నేరుగా సిటీ నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ దాకా పోవడం మొదలయ్యాక జనం కదిలారు. స్టేషన్ దిగి మా వీధిలోంచి నడిచి పోయేవాళ్లు పెరిగారు. షట్టర్లు ఒక్కొక్కటే లేచాయి. ముందు కర్రీ పాయింట్ వచ్చింది, పీజీ పిల్లలకు గోంగూర పప్పు, చారు కవర్లలో కట్టిచ్చేది. తర్వాత బేకరీ. పైన పళ్ల డాక్టరు, కింద రక్తం శాంపిళ్లు తీసుకునే సెంటరు. రెండో అంతస్తులో జిమ్ము. సాయంత్రం ఆరు దాటితే అక్కడ పడేసే డంబెల్స్ చప్పుడు మెట్లమీదుగా దిగి నా కుట్టుమిషను దాకా వస్తుంది.

వెనకవైపు మూడు షాపులను గోడలు కొట్టేసి ఒకటిగా చేసి, పది నిమిషాల్లో సరుకులు తెచ్చే ఒక కంపెనీకి ఇచ్చారు. దాని షట్టరు ఎప్పుడూ సగం దించే ఉంటుంది, కొనేవాళ్లెవరూ లోపలికి పోయే పని లేదు. అద్దె ఒకటో తేదీకల్లా బ్యాంకులో పడుతుందట. ఓనరుకు అంతకన్నా ఏం కావాలి? బయట మాత్రం ముప్పావు ఫుట్‌పాత్ బైకులే. అక్కడికి వచ్చే సరుకు లారీ మిగతా షాపులకు ఒక్క మనిషిని కూడా తేదు. పాపం ఆ డెలివరీ పిల్లలను అనడానికేమీ లేదు, వాళ్ల బ్యాగు పట్టీలు తెగితే కుట్టిచ్చేది నేనే.

ఇక ఏడో నంబరు షాపు కథ చెప్పాలి. మొదట మోమోలు పెట్టారు. అవి పోయి షావర్మా. తర్వాత ఫోన్ కవర్లు. ఆ తర్వాత ఏదో కంపెనీ పేరు మీద టీ కొట్టు. వచ్చిన ప్రతివాళ్లూ పాతవాళ్లు పెట్టిన సీలింగ్ పీకించి కొత్తది వేయించారు, లైట్లు మార్చారు, రిబ్బను కత్తిరించారు, మాకందరికీ లడ్డూలు పంచారు. ఏడాది తిరగకుండానే షట్టరు దించారు. లడ్డూలు తిన్న మొహమాటంతో మేమూ ఏమీ అడగలేకపోయాం. ఇప్పుడది మళ్లీ ఖాళీ. పదకొండో నంబరూ ఖాళీయే. మిగతావన్నీ నిండాయి.

ఎందుకిలా అవుతోందని ఇక్కడ కూర్చుని చూసేవాళ్లకు తెలుస్తుంది. మా ఏరియాలో షాపు కావాలంటే పది నెలల అద్దె అడ్వాన్సు పెట్టాలి. అద్దె నెలకు 30,000 అనుకుందాం, అడ్వాన్సే 3 లక్షలు. అంత పెట్టగలిగేది ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లో, ఉద్యోగం మానేసి పీఎఫ్ డబ్బుతో వ్యాపారం చేద్దామని వచ్చినవాళ్లో. చెప్పులు కుట్టే మనిషి పెట్టలేడు. పిండి మర పెట్టాలనుకునే మనిషి దగ్గర మిషను కొనడానికే డబ్బు సరిపోతుంది. పైగా అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి కాబట్టి. పన్నెండో నెలలో ఓనరు ఏమంటాడో తెలియకుండా మర దిగ్గొట్టి, మోటారు బిగించి, ఎవరు కూర్చుంటారు?

ఓనర్ల లెక్క కూడా నాకు తెలియనిది కాదు. ఒకరికి అద్దె తగ్గిస్తే పక్క షాపువాడు మర్నాడే వచ్చి నిలబడతాడు. అందుకే తగ్గించడం కన్నా ఖాళీగా ఉంచడమే మేలనుకుంటారు. కానీ అదే 30,000 షాపు ఏడాదిలో మూడు నెలలు మూతపడితే చేతికొచ్చేది 2 లక్షల 70 వేలు. పన్నెండు నెలలకు పంచితే నెలకు 22,500. మూడు నెలల అడ్వాన్సుతో ఆ 22,500కే నిలకడైన మనిషికి మొదటే ఇచ్చి ఉంటే? బ్రోకరు కమీషను మిగిలేది, ప్రతిసారీ సున్నాలు కొట్టించే ఖర్చు మిగిలేది.

ఇంకో సంగతి, ఇది నా పని కాబట్టి నేను గట్టిగా చెప్పగలను. రిపేరు చేసే షాపుకు మనిషి రెండుసార్లు వస్తాడు, ఇవ్వడానికి ఒకసారి, తీసుకోవడానికి ఒకసారి. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కుర్తీలకు కొన్నింటికి చేతులు విడిగా కవర్లో పెట్టి పంపుతారు. ఆ అమ్మాయిలు కుర్తీ, చేతులు రెండూ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. సైడ్లు టైటు చేయమంటారు, ప్యాంటు కింద మడవమంటారు. పావుగంటలో అయిపోతుందంటే అక్కడే ఆగుతారు. ఆగినప్పుడు ఊరికే ఉండరు. బేకరీలో దిల్‌పసంద్ తింటారు, అమ్మకు మాత్రలు కొంటారు, పళ్ల డాక్టరు బోర్డు చూసి ఫీజెంతో కనుక్కోమని నన్నే అడుగుతారు. ఫోన్ కవరు కొన్నవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కేది ఎప్పటికో. జిప్పు మార్చమని ఇచ్చినవాళ్లు రేపో ఎల్లుండో రాక తప్పదు. పైన అద్దెకున్న పెద్ద షాపులవాళ్లు నన్ను మెట్ల కింద బొద్దింకలా చూస్తారు గానీ, వాళ్ల గిరాకీలో కొంత నా గుమ్మం దగ్గర నిలబడి ఎక్కినదే.

ఇక పూలమ్మే అక్క. కోలారు వైపు మనిషి, తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడుతుంది. లాక్‌డౌన్ తర్వాత నాలుగో నంబరు షట్టరు మూసే ఉండడంతో దాని ముందు గోనెసంచి పరుచుకుని కూర్చుంది. బుట్ట మీద తడిగుడ్డ, దాని కింద మల్లెలు, కనకాంబరాలు, పక్కన విడిగా సేవంతులు. మోచేతి నుంచి వేలికొస దాకా సాచి మూర కొలిచి, ఆపైన నాలుగు వేళ్లు కొసరు వేసి తుంచుతుంది. శుక్రవారం సాయంత్రాలూ, వరలక్ష్మీ వ్రతం ముందు రోజూ ఆమె చుట్టూ మూగిన జనాన్ని చూసి ఇదేదో పెద్ద బజారని కొత్తవాళ్లు అనుకునేవారు. నాలుగో నంబరులోకి శాంపిళ్ల సెంటరు వచ్చింది, ఆరో నంబరు ముందుకు జరిగింది. ఆరు కూడా పోయింది, తొమ్మిదికి జరిగింది. ఇప్పుడు పదకొండు. ఏ షాపు అద్దెకు పోతుందో మా అందరికన్నా ముందు తెలిసేది ఆమెకే. కార్పెంటరు వచ్చి టేపుతో షట్టరు వెడల్పు కొలిస్తే చాలు, బుట్ట సర్దుకోవడం మొదలుపెడుతుంది. అడిగితే, "ఎవరి అన్నం వాళ్లు తినాల కదమ్మా, నేను ఆ పక్కకు పోతాలే" అంటుంది. ఆ పదకొండు కూడా నిండితే పోవడానికి పక్క లేదు. వీధి వ్యాపారుల చట్టమని 2014లో ఒకటి వచ్చింది. వార్డు జనాభాలో రెండున్నర శాతం దాకా వాళ్లకు చోటు చూపాలని అందులో ఉంది. కాంప్లెక్సు మెట్ల మీదికి ఆ చట్టం రాదు. అక్కడ ఓనరు ఊ అంటే ఉంటుంది, ఊహూ అంటే లేదు.

కోరమంగల, ఇందిరానగర్, హెచ్ఎస్ఆర్ లేఔట్లలో ప్రభుత్వ సంస్థ బీడీఏనే కాంప్లెక్సులు కట్టింది. వాటి బాధలు వాటికున్నాయి. అయినా అక్కడ ఏ షాపు రావాలని అడగడానికి జనానికి ఒక ఆఫీసైనా ఉంది. మా వైపు ఎక్కువగా ప్రైవేటు లేఔట్లు. ఏది రావాలో, ఏది పోవాలో ఓనరు, బ్రోకరు కలిసి ఫోన్లో తేల్చేస్తారు. అందుకే అడగడమంటూ అడిగితే ఓనర్లనే అడగాలి.

చిన్నవాళ్లకు అద్దె ఒక్కటే టెన్షన్ కాదు. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చినప్పుడు మా బేకరీ ఆయన క్యూఆర్ కోడ్ స్టిక్కరు పీకేసి, క్యాష్ ఓన్లీ అని అట్టముక్క మీద రాసి పెట్టాడు. పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి సిద్దరామయ్య వ్యాపారులతో చెప్పాక గానీ ఆయన మామూలు మనిషి కాలేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఓనరుకు జీఎస్టీ లేకపోయినా 2024 అక్టోబరు 10 నుంచి అద్దె మీద 18 శాతం పన్ను అద్దెకున్నవాళ్లే కట్టాలి. అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారులకు 2025 జనవరి 16 నుంచి దాన్ని తీసేశారు. ఈ తేడా తెలియక అగ్రిమెంటు రాసేటప్పుడే భయపడి వెనక్కి పోయినవాళ్లను చూశాను. ఓనర్లు తమ ఆడిటరు చేత ఒక్క మాట చెప్పిస్తే సరిపోతుంది.

టాయిలెట్ సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను. ఇన్ని షాపులకు కలిపి ఒక్కటే, దాని తాళం వాచ్‌మన్ జేబులో. ఆయన టీకి పోతే మా ఆడవాళ్లు పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. ప్రతి షాపుకూ ఒక డూప్లికేటు తాళంచెవి ఇవ్వడానికి ఎంతవుతుంది? అన్నట్టు, ఆ తాళంచెవి చేసేవాడు కూడా మా కాంప్లెక్సులో లేడు.

నేను కోరేది దానధర్మం కాదు. ఇలాంటి కాంప్లెక్సులున్న మనవాళ్లు, కట్టబోయేవాళ్లు కనీసం రెండు చిన్న గదులను చెప్పులు, తాళాలు, కుక్కరు రిపేరు, ఇస్త్రీ, పిండి మర లాంటి పనులకని పక్కన పెట్టండి. అడ్వాన్సు రెండు మూడు నెలలకు మించి అడగకండి. అగ్రిమెంటు మూడేళ్లకు రాసి రిజిస్టర్ చేయించండి, ఖర్చు చెరిసగం వేసుకుందాం. బోర్డు మీద అరవై శాతం కన్నడం ఉండాలన్న రూలు మేమూ పాటిస్తాం, నా బోర్డు ఎప్పుడో మార్పించాను. మెట్ల పక్కన నాలుగడుగుల చోటు పూలకని గీత గీసి వదలండి, ఏ షట్టరు లేచినా ఆ గీత జోలికి రాకుండా.

మా ఓనరుగారికి ప్రత్యేకంగా ఒక విన్నపం. ఏడో నంబరు షాపు మరీ వెడల్పు. మధ్యలో గోడ పెడితే రెండవుతాయి. షావర్మా వాళ్లు పెట్టించుకున్న త్రీ ఫేజ్ మీటరు ఇంకా అక్కడే ఉంది, మరకు అది చాలు. మా వీధివాళ్లు గోధుమలు, రాగులు పట్టించుకోవడానికి రెండు సిగ్నళ్లు దాటి ఆటోలో పోతున్నారు. మదనపల్లెలో మర నడిపి ఇక్కడికి వచ్చిన మనిషి ఒకాయన నాకు తెలుసు. అడ్వాన్సు మాట విని వెనక్కి తగ్గాడు గానీ ఆశ వదులుకోలేదు. మీరు దసరాకు వస్తున్నారని వాచ్‌మన్ చెప్పాడు. బ్రోకరుతో మాట్లాడకముందే ఒక్కసారి మెట్ల కింద నా గదికి రండి సార్, ఆయన్ను అక్కడ కూర్చోబెట్టి ఉంచుతాను.

ఇట్లు,
ఫాల్స్, పికో కుట్టుకునే ఒక పాఠకురాలు,
కుందలహళ్లి, బెంగళూరు