గట్టు మీద దారి వదలండి, మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది తాడేపల్లిగూడెం. వారంలో రెండు మూడు రోజులు తెల్లవారకముందే ఏలూరు కాలువ గట్టు పట్టుకుని సైకిల్ మీద నందమూరు దాకా వెళ్లొస్తుంటాను. అక్కడ పైన మన కాలువ, కింద ఎర్రకాలువ. కాలువ మీద కాలువ ఏంటని మా మనవడు నమ్మలేదు. తీసుకెళ్లి చూపించాక ఇంటికి రమ్మంటే రాడు.

ఇది ఒట్టి సాగునీటి కాలువ కాదండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర ఈ కాలువలను పొలాలతో పాటు పడవల కోసమూ తవ్వించాడు. లాకులు కట్టింది అందుకే. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, పైనుంచి నీళ్లు వదిలేవాళ్లు. లాకులో నీరు పెరిగేకొద్దీ బియ్యం బస్తాలతో సహా పడవ మెల్లగా పైకి లేచేది. పైమట్టానికి అందగానే ముందు తలుపులు తీసేవాళ్లు. కరెంటుతో పనే లేదు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవను లాగేవాళ్లు. నేనిప్పుడు సైకిల్ తొక్కేది ఆ గట్టు మీదే.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. అందులో రాజమండ్రి, విజయవాడ మధ్య 139 కిలోమీటర్లు ఈ ఏలూరు కాలువే. బార్జీల సంగతేమో గానీ, మొన్న ఉదయం నాకు కనిపించినవి గుర్రపుడెక్క, చచ్చిన కోళ్ల బస్తాలు, నిమజ్జనం చేసిన వినాయకుడి ఇనుప చట్రం. దారిలో ఒక పాత లాకు గోడలో రావి మొక్క వేళ్లూనింది. దాన్ని పీకించమని అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి వెళితే ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు. అక్కడ మళ్లీ మొదటి ఆఫీసే చూపించారు.

సుందరీకరణ అంటూ రంగు లైట్లు, సెల్ఫీ పాయింట్లు పెట్టించకండి, దండం పెడతాను. తాడేపల్లిగూడెం నుంచి నందమూరు దాకా గట్టును గ్రావెల్‌తో చదును చేయించి, టిప్పర్లు ఎక్కకుండా రెండు చివర్లా రాళ్లు పాతిస్తే చాలు. నడిచేవాళ్లకి, సైకిళ్లకి అంతకన్నా ఏం కావాలి? ఉన్న నిద్రగన్నేరు చెట్లు కొట్టొద్దు. లాకు దగ్గర అది ఎలా పనిచేసేదో చెప్పే బోర్డు ఒకటి, తెలుగులో.

ఇంకో మాట. గట్టు మీద గుడిసెలు వేసుకున్నవాళ్లున్నారు. మా షికార్ల కోసం వాళ్లను లేపేస్తే నేను ఈ ఉత్తరం రాయనట్టే లెక్క. ముందు ఇళ్లు చూపించండి, లేదంటే దారిని వాళ్ల గుమ్మాల పక్కనుంచే పోనివ్వండి.

వేసవిలో కాలువ కట్టేసినప్పుడే లాకు అడుగు బయటపడుతుంది. ఇంజనీర్లను అప్పుడు పంపండి. జూన్‌లో నీళ్లు వదిలేశాక వస్తే గుర్రపుడెక్క చూసి వెళ్లిపోతారు.

ఇట్లు,
గట్టు మీద సైకిల్ తొక్కే ఒక రిటైర్డు మాస్టారు,
తాడేపల్లిగూడెం