మా 800 ఇంజిన్‌కి పనిముట్లు అప్పిచ్చిన వాళ్లందరికీ

పోయిన ఆదివారం పొద్దున్నే మా నాన్నగారి మారుతి 800 తెనాలి నుంచి దుగ్గిరాల పసుపు యార్డు దాకా వెళ్లి వచ్చింది. దారిలో రెండుసార్లు ఆపి, దిగి, సైలెన్సర్ వెనక నిలబడి చూశాను. పొగ లేదు. ఇంజిన్ విప్పింది నేనే, బిగించింది నేనే అని నలుగురికీ చెప్పుకుంటున్నాను గానీ, వాడిన పనిముట్లలో సగం నావి కావు. ఇచ్చినవాళ్లేమో పేర్లు రాయొద్దన్నారు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది లెండి.

బండి 1998 మోడల్, కార్బురేటర్‌ది. స్టార్ట్ చేస్తే నీలం పొగ. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి లీటరు ఆయిలు తాగేసేది. సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే మొదటి రెండు సిలిండర్లు 150 దాటాయి, మూడోది 105 పీఎస్ఐ దగ్గరే ఆగిపోయింది. ప్లగ్ కన్నంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తే 140కి లేచింది. ఆయిలు పోస్తే లేచిందంటే లీకు పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గరే. ఇంజిన్ దించక తప్పదు.

సామాను గురించి నాకు బెంగ లేదు. 800 తయారీ 2014లో ఆగిపోయినా, ఓమ్నికీ ఇదే 796 సీసీ ఇంజిన్ కాబట్టి పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు విజయవాడ ఆటోనగర్‌లో అడగ్గానే తీసిచ్చారు. చిక్కంతా పనిముట్లతోనే. అవి షెడ్డుల్లో ఉంటాయి, కానీ వాళ్లకు కూడు పెట్టేవి అవే. ఒకరోజు ఇవ్వండి అని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

మొదట అడిగింది మా వీధి చివర బోరు మోటార్లు చూసే అన్నని. "పైపులతో సహా మోటారు లాగుతాం, నీ బుల్లి ఇంజిన్ ఒక లెక్కా" అని మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ ఆటోలో వేసుకుని తనే వచ్చాడు. (దించడం అంటాం గానీ, నిజానికి పైకే లేపాం.) గొలుసు లాగే ముందు ఒకసారి కింద దూరి చూడు, ఏదో ఒకటి మర్చిపోయి ఉంటావు అన్నాడు. చూస్తే ఎర్త్ వైరు ఇంకా బిగించే ఉంది.

అసలు పరీక్ష వాల్వుల దగ్గర వచ్చింది. వాల్వు తీయాలంటే దాని స్ప్రింగును కిందికి నొక్కి పట్టుకుని, పైనున్న రెండు చిన్న లాకులు బయటికి తీయాలి. ఆరు వాల్వులకు పన్నెండు లాకులు, ఒక్కోటి బియ్యపు గింజకి కాస్త పెద్దది. ఆన్‌లైన్‌లో 1,400 పెట్టి స్ప్రింగ్ కంప్రెసర్ తెప్పించాను. వాల్వులుండే ఈ ఇంజిన్ పై భాగంలో, అంటే హెడ్‌లో, స్ప్రింగులు గుంటల్లో కూర్చుంటాయి. ఆ కంప్రెసర్ పాదం వెడల్పు, గుంటలోకి దిగదు. సాకెట్ పెట్టి సుత్తితో కొడితే లాకులు ఊడతాయని ఎవరో చెబితే అదీ చేశాను. ఊడాయి. ఒకటి తులసికోట వెనక దొరకడానికి గంట పట్టింది.

ఆటోనగర్‌లో లేత్ పట్టే పెద్దాయన దగ్గరికి హెడ్ పట్టుకెళ్లాను. ఆయన కంప్రెసర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, చెత్తలోంచి ఒక పైపు ముక్క ఏరి, గుంట కొలతకి చెక్కి, రెండు వైపులా వేలు పట్టేంత కిటికీలు కోశారు. దాన్ని పాదానికి వెల్డింగ్ చేసి ఒక వాల్వు మీద పెట్టి నొక్కారు. కిటికీలోంచి లాకులు రెండూ కళ్లెదుట కనిపించాయి. అయస్కాంతం పుల్లతో తీసి నా అరచేతిలో పెట్టారు. "మళ్లీ పెట్టేటప్పుడు కాస్త గ్రీజు రాయి, అంటుకుని కూర్చుంటాయి" అన్నారు. 200 తీసుకున్నారు. ముందే వచ్చుంటే ఆ పద్నాలుగు వందలూ మిగిలేవి కదరా అని తిట్టారు కూడా. అండీ, మీకు దణ్ణం. ఆ గ్రీజు మాట ఏ వీడియోలోనూ వినలేదు నేను.

బోరింగ్ షాపు వాళ్లు బ్లాకు వదిలేసి వెళ్లమని అనొచ్చు. అనలేదు. సిలిండర్ కన్నాన్ని (దాన్నే బోరు అంటారు) కొలిచే బోర్ గేజ్ నా చేతికిచ్చి పైన, మధ్యన, కింద, నిలువుకీ అడ్డానికీ ఎలా చూడాలో చూపించారు. ముల్లు ఊగుతుంటే ఎక్కడ ఆగి చదవాలో తెలియడానికే నాకు పావుగంట పట్టింది. మూడో బోరు బాగా అరిగింది. 68.5 మిల్లీమీటర్ల బోరును 69కి చేయించి, 0.50 ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం.

ఆ పిస్టన్లను లోపలికి దించేటప్పుడు రింగులను నొక్కిపట్టే రింగ్ కంప్రెసర్ కోసం సికింద్రాబాద్‌లో ఉండే మా బావ రాణిగంజ్ అంతా తిరిగాడు. "అందరూ లారీ సైజే చూపిస్తున్నారు, మీ కారు పిస్టన్ మరీ గ్లాసంత ఉందేంట్రా" అని ఫోన్‌లో విసుక్కున్నా, సాయంత్రానికి ఆర్టీసీ కార్గోలో పెట్టాడు.

బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ ఇస్తానని ట్రాక్టర్లు చేసే బాబాయి తనే అన్నాడు. దాని గీతలు 100 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలవుతాయి. మా హెడ్ బోల్టులకు మాన్యువల్ చెప్పేది 55 నుంచి 60. చివరికి బుల్లెట్లు రిపేర్ చేసే తమ్ముడు తనది ఇచ్చాడు. రెండు షరతులు పెట్టాడు: చీకటి పడేలోపు తిరిగి ఇవ్వాలి, ఇచ్చేముందు స్ప్రింగు పూర్తిగా వదులు చేయాలి. మూడు విడతల్లో, మధ్యలోంచి అంచులకు బిగించాను. చివరి బోల్టు టిక్కుమన్నప్పుడు మా నాన్నగారు అరుగు మీద నుంచి లేచి వచ్చారు.

మా అమ్మకి వేరే చెప్పాలి. పాత ఇడ్లీ రేకులు రెండు ఇచ్చింది. ఏ గుంటలో ఏ వాల్వో, దాని లాకులేవో పెయింటుతో నంబర్లు వేసి పెట్టుకున్నాను, ఒక్కటీ తారుమారు కాలేదు. ఆ రేకులు మళ్లీ వంటింట్లోకి రావడానికి వీల్లేదంది.

అందుకని అవి, పైపు పాదం వెల్డింగ్ చేసిన స్ప్రింగ్ కంప్రెసర్, బావ పంపిన రింగ్ కంప్రెసర్ మా వరండాలో ఒక పెట్టెలో ఉన్నాయి. తెనాలి చుట్టుపక్కల ఎవరైనా 800 గానీ ఓమ్ని గానీ విప్పుతుంటే వచ్చి పట్టుకెళ్లండి. లాకులు నాలుగు ఎక్కువే పెట్టాను.