కోట గోడకు సిమెంటు వద్దు

సంపాదకులకు,

విజయనగరం కోట 1713 నాటిది. ఇలాంటి పాత గోడల మీద రావి మొక్కలు తీసే శ్రమదానాలు మంచివే, పీకే తీరే ప్రమాదం. గుంజితే మొక్క తెగి వేరు లోపలే ఉండిపోతుంది, లేదా వేరుతోపాటు రాయి కదులుతుంది. లేత మొక్కయితే గోడ తడిపి మెల్లగా లాగొచ్చు. చిటికెన వేలి లావు దాటిందా, మొదలంటా కోసి, కోత పచ్చిగా ఉండగానే కలుపు మందు కుంచెతో పూయాలి. వేరు చచ్చాకే తీయాలి.

ఆ కంతను సిమెంటుతో పూడ్చడం అసలు తప్పు. సున్నపు గోడ పీల్చుకున్న వాన నీటిని మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ పక్కకు పాకి, ఉప్పు పేరుకుని, చుట్టూ ఉన్న పాత సున్నం, ఇటుక పొడిలా రాలతాయి. సిమెంటు అతుకు మాత్రం చెక్కుచెదరదు, పని భేషుగ్గా చేశామనిపిస్తుంది!

నెల రోజులు నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఏటి ఇసుక మూడు పాళ్లు కలిపి, గోడ తడిపి పలుచని పొరలుగా కూరాలి. సముద్రపు ఇసుక పనికిరాదు. వారం పాటు తడి గోనెసంచులు కప్పకపోతే ఎండకు బీటలిస్తుంది. దసరా దాటాక, కోట నిర్వాహకుల అనుమతితో, సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రిని పెట్టుకుని మొదలుపెట్టండి.

— కొందరు పాఠకులు, విజయనగరం