ఆదివారం మన సెల్లార్‌లో పాత సామాన్ల అమ్మకం

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 8 నుంచి 11 వరకే. కర్నూలు ఎండ తెలుసు కదా, ఆ తర్వాత ఎవరూ నిలబడలేరు.

అమ్మేవాళ్లు శనివారం రాత్రిలోగా ఫోటో, ధర ఇక్కడే పెట్టండి. లోపం ఉంటే ముందే చెప్పేయండి. మా కూలర్ పెడుతున్నా: మోటారు బాగుంది, గడ్డి మాత్రం మార్చుకోవాలి, 1,500.

కొనేవాళ్లు ప్లగ్గు పెట్టి, ఆడించి చూశాకే డబ్బులివ్వండి. ఫోన్ అయితే *#06# కొట్టి, వచ్చిన ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరు బిల్లుతో సరిచూసుకోండి. బండి అయితే పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు తప్పనిసరి. ఆర్‌సీలో పేరు మారకపోతే చలానాలు పాత ఓనరుకే వస్తాయి.

స్కూలు పుస్తకాలు, చిన్న సైకిళ్లు అటక మీద ఉంటే తప్పకుండా దించండి, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు.

చిల్లర మరిచిపోవద్దు. టేబుళ్లు వేయడానికి ఇద్దరు 7:30కే రాగలరా?